గోరంత చోటు

పేర్రాజు చేతిలో పడ్డ బండి ఏదీ ఇంతవరకూ అతనికి అబద్ధం చెప్పలేదు. ఈ కారు చెప్పింది. అదీ మొహం మీదే చెప్పింది.

టాంకీలో పెట్రోలు అడుగంటి ఉంటుంది. డాష్‌బోర్డు మీద పెట్రోలు ముల్లు మాత్రం నిండా ఉందని చూపిస్తుంది. ఇంజను అప్పుడే స్టార్టు చేసి ఉంటాడు, రేడియేటరు మీద చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. పక్కనున్న వేడి ముల్లు మాత్రం ఎర్రగీత దాటిపోయి, బండి కాలిపోతోందన్నంత హడావిడి చేస్తుంది. వీటిని నమ్ముకుని యానాం రోడ్డు ఎక్కినవాళ్ళు ఏ రొయ్యల చెరువు గట్టు మీదో ఆగిపోవడం ఖాయం.

బండిలో ఇంకే లోపమూ లేదు. ఇంజను హాయిగా తిరుగుతోంది. బ్రేకులు పడుతున్నాయి. తలుపులు వేస్తే చప్పుడు కూడా మర్యాదగా వస్తోంది. ఈ రెండు ముళ్ళే పేర్రాజు ప్రాణం తీస్తున్నాయి.

కాకినాడలో పాత కార్లంటే సులేమాన్ గారి షెడ్డే. ఆయనకి డెబ్బై దాటాయి. మాట తక్కువ. గోళ్ళలో గ్రీజు ఎంత పాతదో ఆయనకే తెలియదు. మెకానిక్కులందరికీ ఆయన గురువుగారు. భార్యకి మాత్రం, అన్నం వేళకి ఇంటికి రాని మనిషి.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడైనవాడు పాత కారు ఒకటి మొదలు నుంచి చివరిదాకా తన చేత్తో బాగుచెయ్యాలి. పని అయిన రోజున కారు అతనే నడుపుతాడు, గురువుగారు పక్కన కూర్చుంటారు. ఆయన రోడ్డు చూడరు. మీటర్లే చూస్తారు. కారు జగన్నాథపురం వంతెన మొదటికి చేరాక, ఆయన మనసుకి నచ్చితే, "ఇంక నువ్వు పోనియ్యి" అని దిగిపోతారు. షెడ్డుకి నడిచి వచ్చేస్తారు. అదే సెలవు. ఆ మాట విన్నవాడు మర్నాడే సొంత బోర్డు కట్టుకోవచ్చు. ఆయన దిగకుండా కూర్చున్నారంటే మాత్రం వంతెన ఎక్కి దిగి, ఆవల బండి తిప్పుకుని, షెడ్డుకొచ్చి మళ్ళీ పానా పట్టుకోవాలి. ఎందుకని ఎవరూ అడగరు. అడిగినా ఆయన చెప్పరు.

పేర్రాజు మీసాలు మొలవని వయసులో ఆ షెడ్డుకొచ్చాడు. ఇప్పుడు అతని భార్య రామారావుపేటలో ఒక ఖాళీ షెడ్డు చూసి పెట్టింది. బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా తేల్చేసింది. ఇంక కావలసిందల్లా వంతెన దగ్గర ఆ ఒక్క మాట. ఆ మాట ఇప్పించాల్సిన కారు ఇదే.

కారు డాక్టరు సువార్తమ్మ గారిది. అరవైల్లో ఇంగ్లండు నుంచి ఓడ మీద వచ్చి దిగింది. ఆవిడ తండ్రి ఆవిడకి డ్రైవింగు నేర్పింది దీని మీదేనట. తర్వాత ఏళ్ళ తరబడి గారేజీలో ఎలకల పాలైంది. పేర్రాజు దాన్ని బోల్టు బోల్టు విప్పాడు. తుప్పు గీకాడు, రేకు అతికాడు, ఇంజను దింపి ఎక్కించాడు. చివర్న నెమలికంఠం రంగు వేశాడు. నిజం చెప్పొద్దూ, ఆ షెడ్డులో అంత అందంగా ఏ కారూ తయారవలేదు. దారిన పోయేవాళ్ళు సైకిలు ఆపి చూసి వెళ్ళేవాళ్ళు.

బయట వేసి ఊరుకున్నాడా? లేదు. డిక్కీ లోపల వేశాడు. సీట్ల కింద వేశాడు. డాష్‌బోర్డు వెనకాల, మనిషి వెల్లకిలా పడుకుని తల దూర్చితే గాని కనబడని రేకు మీద కూడా పూతమీద పూత వేసి అద్దంలా చేశాడు.

"అక్కడ కూడానా?" అన్నారు గురువుగారు అప్పుడు.

"అక్కడ కూడానండి. ఎవరూ చూడని చోట కూడా మెరవాలండి."

గురువుగారు గడ్డం గోక్కున్నారు.

రంగు ఆరినప్పటి నుంచీ పేర్రాజు ఆ కారుకి కాపలావాడైపోయాడు. దాని మీద ఎవరూ ఆనుకోకూడదు. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఏ బండి దగ్గరికొచ్చినా ముందు బానెట్ మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడటం గురువుగారి అలవాటు. ఇంజను నడక ఆయన ఆ చేత్తోనే వింటారు. అలాగే ఒకరోజు చెయ్యి వెయ్యబోతే పేర్రాజు పరుగెత్తుకొచ్చాడు.

"గురువుగారూ, మచ్చ పడుతుందండి." అంటూ పసుపు గుడ్డ అందించాడు.

ఆయన గుడ్డ తీసుకోలేదు. చెయ్యి వెనక్కి తీసేసుకుని తన పనికి తను వెళ్ళిపోయారు. పేర్రాజు ఆ చోట ఒకసారి గుడ్డతో తుడిచి, వంగి చూసి, తృప్తిపడ్డాడు.

ఆ షెడ్డులో వైరింగు పని దేముడనే అతనిది. పేర్రాజు కంటే ముందునుంచీ ఉన్నవాడు. పేర్రాజు అతన్ని బాబాయ్ అంటాడు. పనిలో చేరిన కొత్తల్లో పేర్రాజుకి ఇంటి దగ్గర్నుంచి క్యారేజీ రాకపోతే తన క్యారేజీలో సగం పెట్టింది ఆ దేముడే.

వైర్లు కలపడానికొచ్చిన దేముడు డాష్‌బోర్డు కిందకి దూరబోతూ జేబులోంచి చిన్న ఎమిరీ పేపరు ముక్క తీశాడు. పేర్రాజు చూడనే చూశాడు.

"బాబాయ్! అదెందుకిక్కడ?"

"ఆ డబ్బా బిగించే చోట కొంచెం..."

"నా పెయింటు దగ్గరికి గరుకు కాగితం తెస్తావా?"

మాట పూర్తి చెయ్యనివ్వలేదు. చేతిలోంచి లాక్కుని గేటు బయటికి విసిరేశాడు. "డబ్బా నేను బిగించుకుంటాలే. నువ్వు వైర్లు కలుపు, చాలు."

డబ్బా అంటే అగ్గిపెట్టెకంటే చిన్న రేకు డబ్బా. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటుని కాస్త తగ్గించి మీటర్లకి వడ్డించేది అదే. పెట్రోలు మీటరుకైనా వేడి మీటరుకైనా దాని వడ్డనే. పేర్రాజు దాన్ని డాష్‌బోర్డు వెనక రేకుకి రంగు చెదరకుండా, చిన్న స్క్రూతో, పసిబిడ్డకి చొక్కా గుండీ పెట్టినట్టు బిగించాడు. దేముడు చూస్తూ నిలబడి, ఏదో అనబోయి, వైర్లు కలిపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే ముళ్ళు అబద్ధాలు మొదలుపెట్టాయి.

పేర్రాజు ముందు మీటర్లని అనుమానించాడు. రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టు గాలించి అలాంటివే మంచివి తెచ్చి పెట్టాడు. అవీ అదే పాట. టాంకీ విప్పి లోపలి తేలుడు బుడ్డి మార్చాడు. ఇంజనుకి వేడి కనిపెట్టే మొలక మార్చాడు. చివరికి ఆ రేకు డబ్బా కూడా కొత్తది తెప్పించి, పాతదాని చోటే, అంత జాగ్రత్తగానూ బిగించాడు. వెదురు పుల్ల టాంకీలో ముంచి తీస్తే కొస మాత్రమే తడుస్తోంది. ముల్లు మాత్రం నిండా ఉందంటోంది.

గురువుగారు టీ తాగుతుంటే వెళ్ళి నిలబడ్డాడు.

"ముళ్ళు రెండూ తప్పు చూపిస్తన్నాయండి."

"రెండూ ఒకేలాగా?"

"ఆయ్. రెండూ ఎక్కువే చూపిస్తన్నాయండి."

గురువుగారు గ్లాసులో అడుగున మిగిలిన టీ వంక చూశారు. "రెండూ ఒకేలా తప్పు చెబుతుంటే, రెండింటికీ కలిపి ఒకచోటే ఏదో అయ్యుంటుందిరా. చూసుకో."

పేర్రాజుకి చప్పున వెలిగింది. మీటర్లు వేరు, బుడ్డి వేరు, మొలక వేరు. రెండింటికీ కలిపి ఉన్నది వైరింగు. వైరింగు చేసింది దేముడు. ఆలోచన అక్కడిదాకా చక్కగానే వెళ్ళింది. ఇంకొక్క అడుగు వేసి తన చేతుల వైపు కూడా చూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్న దేముడు సైకిలు దిగుతుండగానే పట్టుకున్నాడు.

"బాబాయ్, నువ్వు చేసిన వైరింగు తప్పు."

"ఎక్కడరా?"

"ఎక్కడో. మీటర్లు మార్చాను, బుడ్డి మార్చాను, డబ్బా మార్చాను. మారంది నీ పనొక్కటే."

దేముడు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఈమధ్యే అద్దాలు మార్పించుకున్నాడు, లావుపాటివి. "పద, ఒకసారి చూద్దాం. నేనారోజు చెప్పబోయింది ఏంటంటే..."

"ఇంకేం చూస్తావు? ఏ వైరు ఏ రంగో నీకు తెలుస్తుందా అసలు? కళ్ళు కనబడనప్పుడు ఇంటిదగ్గర కూర్చోవాలి బాబాయ్. నా కారు మీద నేర్చుకోకూడదు."

షెడ్డులో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. గురువుగారు కార్బ్యురేటరు కడుగుతున్నవారు తలెత్తి చూశారు. పేర్రాజు వైపు కాదు, దేముడి వైపు. ఆయన ఏమైనా అంటారేమోనని అందరూ ఎదురుచూశారు. ఆయన మళ్ళీ తల దించుకుని కార్బ్యురేటరు కడుక్కున్నారు.

దేముడు తన టెస్టు బల్బుకి వైరు చుట్టి, గుడ్డలో పెట్టి, సంచీలో వేసుకున్నాడు. సైకిలు స్టాండు తీశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే పేర్రాజుకి ఆ పూట అన్నం సహించేది.

ఆ వారమంతా పేర్రాజు దేముడి వైరింగు పీకేసి తనే కొత్తగా వేసుకున్నాడు. పీకుతుంటే తెలిసింది, ప్రతి అతుకూ ఎంత పొందిగ్గా ఉందో. ప్రతి వైరుకీ చివర చిన్న రంగు దారం కట్టి ఉంది, తర్వాత వచ్చేవాడు తడుముకోకుండా. అది చూసి ఒక క్షణం చెయ్యాగింది. కానీ ఇంతదూరం వచ్చాక వెనక్కి తగ్గడం ఎలా? పీకేశాడు.

కొత్త వైర్లు కలిపి తాళం తిప్పాడు. పెట్రోలు ముల్లు తీరుబడిగా లేచి నిండా ఉన్నచోటికి వెళ్ళి కూర్చుంది. వేడి ముల్లు దాని వెనకే వెళ్ళి ఎర్రగీత దాటింది.

పేర్రాజు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. డాక్టరమ్మగారు ఆదివారం చర్చికి ఈ కారులోనే వెళ్తానని కబురు పెట్టి ఉన్నారు. ఇంటిదగ్గర భార్య బోర్డుకి రేకు కూడా కొనిపించింది. వంతెన దగ్గర గురువుగారు కదలకుండా కూర్చుని ఉండటం అతనికి ఇప్పట్నించే కనబడుతోంది. అన్నిటికంటే ఎక్కువగా, తప్పు వైరింగుది కాదని ఇప్పుడు తేలిపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియకపోయినా తనకి తెలుసు. ఏడుపొచ్చింది.

కాసేపటికి లేచి గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"నా వల్ల కావట్లేదండి. మీరు చూడండి."

ఆయన చేతులు తుడుచుకుని లేచారు. కారు దగ్గరికి వచ్చి ఇంజను స్టార్టు చెయ్యమన్నారు. చేశాడు.

"ఆ పసుపు గుడ్డ ఏదిరా?"

పేర్రాజు అందించాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు వేసి, బానెట్ మీద జాగ్రత్తగా పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఇంజను తిరుగుతూనే ఉంది.

"ఏంటోరా," అన్నారు చివరికి కళ్ళు తెరిచి. "ఏమీ తెలియట్లేదు."

ఆయన మొహంలో వెటకారం ఏమీ లేదు. నిజంగా తెలియనట్టే చూస్తున్నారు. పేర్రాజుకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. ముందుకొచ్చి గుడ్డ లాగేశాడు.

"చెయ్యి వెయ్యండి గురువుగారూ."

ఆయన వేశారు. గ్రీజు గీతలున్న ముసలి చెయ్యి నెమలికంఠం రంగు మీద ఆనింది. "ఆఁ," అన్నారు ఒక్క క్షణంలోనే. "నడక బాగుంది. మంచి పని చేశావురా."

ఆ మాట కోసం పేర్రాజు ఎన్నాళ్ళనుంచో చూస్తున్నాడు. తీరా విన్నాక సంతోషించడం చేతకాలేదు.

గురువుగారు తలుపు తీసి, సీటు వెనక్కి జరిపి, మూలుగుతూ వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందకి తల దూర్చారు. "చిన్న పానా ఒకటి ఇటివ్వు. నువ్వు ముళ్ళు చూస్తూ ఉండు."

పానా అందించి పేర్రాజు చూస్తూ నిలబడ్డాడు. ముందు ఏమీ జరగలేదు. ఆ కాలపు మీటర్లకి తొందర ఉండదు. తర్వాత పెట్రోలు ముల్లు కదిలింది.

"ఏమంటున్నాయి?" అని కింద నుంచి గొంతు.

"దిగుతున్నాయండి." పేర్రాజు మీటర్ల మీదకి వంగాడు. "రెండూ దిగుతున్నాయండి!"

"ఇప్పుడు?"

"మళ్ళీ లేస్తున్నాయండి."

"ఇప్పుడో?"

పెట్రోలు ముల్లు దిగి దిగి అడుగుకి కాస్త పైన ఆగింది. వెదురు పుల్ల చెప్పింది కూడా అంతే. పేర్రాజు మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, గురువుగారి చేతి వైపు చూశాడు.

ఆయన పానా ఒక కొస రేకు డబ్బాకి ఆనించి ఉంది. రెండో కొస స్టీరింగు గొట్టం దగ్గర, రంగు పడని ఒక నల్ల బోల్టుకి ఆనించి ఉంది. ఆ రెండిటికీ మధ్య, డబ్బా కిందా చుట్టూ, స్క్రూ మరల్లో కూడా, పేర్రాజు వేసిన రంగు నిగనిగలాడుతోంది.

తెలియనివాడు కాదు. డబ్బా తన పని తను చెయ్యాలంటే దాని ఒళ్ళు బండి ఇనుముకి తగిలి ఉండాలి. తగలకపోతే కరెంటు తగ్గించలేదు, వచ్చిందంతా వచ్చినట్టు మీటర్లకి వదిలేస్తుంది. అందుకే రెండు ముళ్ళూ అంతంత పైకి లేస్తున్నాయి. ఇన్నేళ్ళూ తుప్పు బళ్ళకి స్క్రూ బిగిస్తే చాలు, ఇనుము దానంతటదే తగిలేది. ఇంత నున్నగా రంగు వేసిన బండి అతనికి ఇదే మొదటిది. బిగించాను కాబట్టి తగిలిందనుకున్నాడు. మధ్యలో తన రంగే అడ్డం పడుకుని ఉంది.

గురువుగారు బయటికొచ్చి నడుం పట్టుకుని లేచారు. చొక్కా జేబులోంచి ఏదో తీసి పేర్రాజు అరచేతిలో పెట్టారు.

చిన్న ఎమిరీ పేపరు ముక్క. మడతమీద మడత వేసి, బొటనవేలి గోరంత చేసి ఉంది.

"ఆరోజు గేటు దగ్గర దొరికింది," అన్నారు.

పేర్రాజు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. దేముడు గీకుతానన్నది ఇంతే. ఇంత చోటు. ఎవరూ చూడని చోట, గోరంత.

అతను వెల్లకిలా పడుకుని డబ్బా విప్పాడు. కింద రంగు మీద ఎమిరీ పేపరు పెట్టి రుద్దాడు. ముందు నెమలికంఠం పొడి మొహం మీద రాలింది. తర్వాత కింది పూత ఎర్రగా. తర్వాత ఇనుము. కొత్తగా, తెల్లగా కనబడింది. స్క్రూ మరలు కూడా శుభ్రం చేసి డబ్బా మళ్ళీ బిగించాడు. తాళం తిప్పాడు. ముళ్ళు రెండూ నెమ్మదిగా లేచి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాయి.

మొహం మీద రంగు పొడితోనే గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"మీకు మొదటి రోజే తెలుసా అండి?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం గురువుగారూ?"

గురువుగారు కార్బ్యురేటరు గిన్నె ఎత్తి వెలుతుర్లో పెట్టి చూసుకున్నారు.

"చెబితే మీటర్లు మాత్రమే బాగుపడేవిరా."

శనివారం పొద్దున్న కారు షెడ్డు దాటింది. పేర్రాజు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గురువుగారు రోజూ వేసుకునేదే వేసుకున్నారు. షెడ్డులో అందరూ గేటు దాకా వచ్చారు.

గురువుగారు మీటర్ల వైపు చూస్తూ కూర్చున్నారు. వేడి ముల్లు నింపాదిగా లేచి మధ్యలో నిలబడింది. పెట్రోలు పోయించుకుంటే ముల్లు పోసినంతే లేచింది. మెయిన్ రోడ్డు మీద రిక్షావాళ్ళు పక్కకి జరిగి మరీ చూశారు. పేర్రాజు ఎవరి వైపూ చూడలేదు.

వంతెన కనబడింది. ఉప్పుటేటి గాలి, పడవల దగ్గర ఎండుచేపల వాసన కలిసి కిటికీలోంచి వచ్చాయి. వంతెన మొదట్లో సోడా బండి దగ్గర, ఎప్పుడూ ఆగేచోట, పేర్రాజు కాలు తనకి తెలియకుండానే బ్రేకు మీదకి వెళ్ళింది.

గురువుగారి చెయ్యి తలుపు పిడి మీద పడింది.

చూశాడు పేర్రాజు. ఒక్క క్షణం. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆ పిడి తిరుగుతుంది, ఆ మాట వినబడుతుంది, సాయంత్రానికి రామారావుపేటలో బోర్డు లేస్తుంది.

"ఇక్కడ కాదండి గురువుగారూ," అన్నాడు.

గురువుగారు తల తిప్పి అతని మొహం చూశారు. తర్వాత పిడి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పేర్రాజు బ్రేకు మీంచి కాలు తీశాడు. కారు వంతెనెక్కింది. ఆయన దిగలేదంటే ఈసారికి సెలవు లేదని అర్థం. అది తన నోటితోనే వద్దనుకున్నానని పేర్రాజుకి వంతెన నడిమధ్యలో గాని పూర్తిగా తెలిసిరాలేదు. అప్పుడు భయం వేసింది. అయినా ఆపలేదు.

వంతెన దిగి, మార్కెట్టు దాటి, ఎడమ సందులోకి తిప్పాడు. సందు ఇరుకు. రెండువైపులా గోడలు అంగుళం దూరంలో జరుగుతున్నాయి. వేరే రోజైతే పేర్రాజు ఆ సందులో ఆ కారు పెట్టడు గాక పెట్టడు.

దేముడు అరుగు మీద కూర్చుని ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. హారను విని తలెత్తాడు. కారుని చూసి లేచాడు. అరుగు దిగి రెండడుగులు వేసి, కారుకి మూరెడు దూరంలో ఆగిపోయాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ చేతులు చూసి పేర్రాజు చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాడు. దిగి ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పు నాది బాబాయ్. నీ వైరింగు బాగానే ఉంది. డబ్బా కింద రంగు గీకలేదు నేను."

దేముడు కారు బానెట్ వైపు చూశాడు.

"ఆరోజు నేనన్న మాట... అలా అనకూడదు నేను. నీ క్యారేజీ తిన్నవాణ్ణి."

"నా వైరింగు అలాగే ఉంచావా?" అన్నాడు దేముడు.

"లేదు. పీకేశాను."

"అంతానా?"

"అంతా."

"దారాలు కట్టినవి కూడానా?"

పేర్రాజు తల దించుకున్నాడు. దేముడు కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ అతుకులకి నా నడుం పోయిందిరా సన్నాసీ."

"నేను వేసింది ఒకసారి చూడు బాబాయ్. ఎలా వేశానో ఏంటో. డాక్టరమ్మగారికి ఇచ్చేలోపల నువ్వొకసారి చూడాలి."

"నాకు కళ్ళు కనబడవు కదా."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పేర్రాజు ఓర్చుకున్నాడు. ముందుకి వెళ్ళి దేముడి వెనకనున్న చెయ్యి పట్టుకుని, ముందుకి తెచ్చి, మిక్సీ మసి అంటిన ఆ చేతిని అలాగే బానెట్ మీద పెట్టాడు. తన చేతిని దాని మీద వేసి నొక్కి పట్టుకున్నాడు.

"మచ్చ పడుతుందిరా," అన్నాడు దేముడు.

"పడనీ."

ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది. దేముడు తల కొద్దిగా వాల్చి వింటున్నాడు. తర్వాత చెయ్యి తీసుకుని, కారు పక్కగా నడిచి, మీటర్లు చూద్దామని ఎడమ తలుపు దగ్గర వంగాడు.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. సులేమాన్ గారు దిగి, పంచె దులుపుకుని, దేముడికి సీటు చూపించారు. దేముడు కూర్చున్నాక తలుపు తనే మర్యాదగా వేశారు.

"ఇంక నువ్వు పోనియ్యి," అని పేర్రాజుతో అని, ఆయన వంతెన వైపు నడిచారు.